అద్దెకిచ్చిన మెదడు

అన్నయ్య కథ చెబితే కుర్చీలు కూడా ముందుకు జరిగి వింటాయని సినిమావాళ్ళలో ఒక మాట ఉంది. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలికి ఒళ్ళు మండేది. కుర్చీలు వాటంతటవి ఎక్కడ జరుగుతాయి? జరిపేది తనే. ఇరవై రెండేళ్ళుగా ఆయన నోటితో చెప్పడం, ఈమె చేత్తో రాయడం. ఆయన కలం పట్టి ఎరగడు. "కథ కాగితం మీదికి దిగితే చస్తుందే, గాలిలో ఉన్నంతసేపే దానికి ప్రాణం" అని కబుర్లు చెప్పేవాడు. ఆ గాలిని పట్టుకుని, దానికి కాళ్ళూ చేతులూ అతికించి, ఒక్కో సన్నివేశం ఒక్కో కార్డు మీద రాసి గోడకు అంటించేది ఈమె. తెర మీద పడేది మాత్రం ఆయన పేరొక్కటే. ఈమె అందరికీ "చెల్లెలుగారు". యాభై ఒక్కేళ్ళు వచ్చినా, ఆ వృత్తిలో అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అందుకే ఈ సినిమా మొదలైన రోజున అన్నయ్య, "ఈసారి నీ పేరు కూడా పడాలే. నా పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో. లేకపోతే కథ ఇవ్వనని చెప్పేశాను" అన్నప్పుడు, పైకి "ఇవాళ పొద్దెటు పొడిచిందో" అని వెటకారం చేసింది గానీ, ఇంటికెళ్ళాక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని కాసేపు సంతోషంగా ఏడ్చింది.

కథేమిటంటే, ఒకడు తన మెదడులో కొంత జాగా అద్దెకిస్తాడు. ముసలివాళ్ళూ, జబ్బుపడ్డవాళ్ళూ పోగొట్టుకుంటామని భయపడే జ్ఞాపకాలను ఒక కంపెనీ తెచ్చి వాడి తలలో దాస్తుంది. మొదట్లో అంతా బాగానే ఉంటుంది. అద్దెకొచ్చినవి బుద్ధిగా ఒక మూల పడి ఉంటాయి. తర్వాత ఒక్కో గదే ఆక్రమించుకుని, ఇంటాయన సామానే వీధిలోకి గిరాటు వేయడం మొదలుపెడతాయి. చివరికి సొంత తలలో వాడికి కాళ్ళు చాపుకునే చోటు ఉండదు. దర్శకుడు ముప్పై అయిదేళ్ళవాడు, రెండు సినిమాలు తీసి రెండూ ఆడించుకున్నవాడు. ఈ ముక్క వినగానే లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఇది సైన్సు కథ కాదు, దయ్యం కథ" అన్నాడు.

"రెండింటికీ తేడా సామానులోనేనయ్యా. దీనికి వైర్లుంటాయి" అన్నాడు అన్నయ్య.

ముగింపు మాత్రం దొరకలేదు. దారిలో అదే దొరుకుతుందిలే అనుకున్నారు.

ఇక్కడ అన్నయ్య పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగిందంతా మీకు పచ్చి అబద్ధంలా కనిపిస్తుంది. ఆయన ఏ పాత్రను చెప్పాలన్నా కొన్నాళ్ళు ఆ పాత్రగా బతుకుతాడు. గుడ్డివాడి కథ చేసినప్పుడు నెలరోజులు కళ్ళకు గంతలు కట్టుకుని తిరిగి రెండు మోకాళ్ళూ పగలగొట్టుకున్నాడు. మూగవాడి కథప్పుడు ఫోనెత్తి ఊరుకునేవాడు, అవతలివాళ్ళు హలో హలో అని గొంతు చించుకుని పెట్టేసేవాళ్ళు. పిసినారి కథప్పుడు మూడు వారాలు ఎవరికీ టీ చుక్క పోయించలేదు. అది పాత్ర కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధేనని చెల్లెలి వాదన. అలా బతుకుతున్నన్నాళ్ళూ గదిలో ఒక నియమం: ఆయన ఏం చేసినా ఎవరూ సరిదిద్దకూడదు, నవ్వకూడదు, చేసింది చేసినట్టు కార్డు మీదికి ఎక్కాలి. ఆయన మంచి సన్నివేశాలన్నీ అలా పుట్టినవే. పెళ్ళి కూడా చేసుకోకుండా ఆ రెండోఅంతస్తు ఇంట్లో, ముందుగది నిండా కార్డులు అంటించుకుని కాపురం చేసిన మనిషి.

ఒక మంగళవారం ఆయన చొక్కా మీద ఇంకో చొక్కా వేసుకుని పడగ్గదిలోంచి వచ్చాడు. రెండింటికీ గుండీలు శుభ్రంగా పెట్టాడు. దర్శకుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, "లోపల ఇంటాయన, పైన అద్దెకొచ్చినాయన. మీకు మీరే సాటి గురువుగారూ" అని తొడ చరిచాడు.

అన్నయ్య తన ఛాతీ వంక ఒక్క క్షణం చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "రాయవే" అన్నాడు.

చెల్లెలు రాసింది. ఆ ఒక్క క్షణాన్ని ఆమె చూసింది గానీ, దాన్ని రాయలేదు.

ఆ వారమే మెట్ల మీద గొడవ. చెల్లెలూ దర్శకుడూ కింద నుంచి ఎక్కి వస్తుంటే మూడో అంతస్తులో అన్నయ్య గొంతు ఖంగున వినిపించింది. పైకి వెళ్ళి చూస్తే, అక్కడుండే దర్జీ ఆవిడ తలుపు సగం తెరిచి, చేతిలో కత్తెరతో బిగుసుకుపోయి ఉంది. అన్నయ్య తాళంచెవి ఆడిస్తూ, మెడనరాలు ఉబ్బించి అరుస్తున్నాడు. "నా ఇంట్లో మీరేం చేస్తున్నారు? తాళం ఎవరు మార్చమన్నారు?" ఇద్దరూ మెట్ల మీదే ఆగిపోయారు. నియమం నియమమే. దర్శకుడు ఫోను తీసి వీడియో కూడా తీశాడు. అంతా అయ్యాక చెల్లెలు ఆవిడకు దణ్ణం పెట్టి, సినిమా కోసమని చెప్పింది.

"సినిమా అయితే ముందే ఒక మాట చెప్పాలి కదమ్మా. నా కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి" అంది ఆవిడ.

కిందికొచ్చి మంచినీళ్ళు తాగుతుంటే సగం అన్నయ్య గడ్డం మీదుగా కారాయి. "ఎలా ఉంది?" అని అడిగాడు. అదిరిపోయిందన్నాడు దర్శకుడు.

పై శుక్రవారం దర్శకుడు ఇంకా రాలేదు. చెల్లెలు కార్డులు సర్దుకుంటూ ఉంటే అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి మామూలుగా అడిగాడు.

"ఏమే, అమ్మ ఈ వారం ఫోను చెయ్యలేదేం? నీతో ఏమైనా మాట్లాడిందా?"

అమ్మ పోయి ఆరేళ్ళు. చెల్లెలి చేతిలో కలం ఆగింది. ముందు కోపం వచ్చింది, కన్నతల్లిని కూడా కథకు వాడుకుంటున్నాడే అని. ఆ వెనకే చెప్పలేనంత మెచ్చుకోలు. కానీ ఆ రెండింటి కిందా చల్లగా ఇంకొకటి కదిలింది. దాని వైపు ఆమె తల తిప్పలేదు.

"ఏదో పనిలో ఉండి ఉంటుందిలే అన్నయ్యా" అంది.

"ఆవిడకి అంత పనేముంటుందే?" అని ఆయన వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు.

దర్శకుడు వచ్చి, ఆమె ఆ మాటలు రాసిపెట్టిన కార్డు చదివి కళ్ళు తుడుచుకున్నాడు. విరామం ముందు పడాల్సింది ఇదేనన్నాడు.

సైన్సు తప్పు పోకూడదని అతనే మెదడు డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. బల్ల మీద ముక్కలుగా ఊడదీయగలిగే ప్లాస్టిక్ మెదడు ఒకటుంది. కథంతా ఓపిగ్గా విని, ఒక ముక్కను దాని చోట బిగిస్తూ అన్నాడు:

"ఒక్క మాటండీ. మెదడులో ఖాళీ గదులుండవు. ప్రతి మూలా ఏదో పనిలోనే ఉంటుంది."

"అయితే ఇంకా మంచిది" అన్నాడు అన్నయ్య వెంటనే. "ఖాళీ ఉందని కంపెనీ వాడికి అబద్ధం చెప్పింది. మొదటి రోజు నుంచీ వాడి సామాను మీదే పడుకున్నారు అద్దెకొచ్చినవాళ్ళు."

డాక్టరు కూడా నవ్వాడు. ఆ చురుకు చూసి చెల్లెలి గుండె కుదుటపడింది. ఇలా మాట్లాడే మనిషికి ఏమవుతుంది? ఏమీ కాదు. తనదంతా పిచ్చి భయం.

ఇలాంటివాణ్ణి మీరెలా పరీక్షిస్తారని దర్శకుడు అడిగితే, డాక్టరు అయిదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాడు: గొడుగు, రైలు, నిమ్మకాయ, అద్దం, పావురం. తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి, పదకొండూ పది చూపించే గడియారం బొమ్మ గీయమన్నాడు. "వాడిగా గీస్తాను" అన్నాడు అన్నయ్య. గుండ్రం చక్కగా గీశాడు. పన్నెండు అంకెలనూ ఒకే పక్కన, తోసుకుంటున్న జనంలా కుక్కాడు. ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్సిలును గాల్లో చాలాసేపు తిప్పాడు. దర్శకుడు ఊపిరి బిగబట్టి చూశాడు. కాసేపాగి డాక్టరు ఆ అయిదు మాటలూ అడిగాడు.

అన్నయ్య మొహం చెల్లెలి వైపు తిరిగింది. "గొడుగు" అన్నాడు. మళ్ళీ ఆమె వైపే చూశాడు. "మిగతావి చెప్పారా? చెప్పలేదనుకుంటానే" అని నవ్వాడు.

వెళ్ళేటప్పుడు డాక్టరు ఆమెను వరండాలో ఆపాడు.

"గడియారం తప్పు గీయడం నటించొచ్చమ్మా. కానీ ఏం అడిగినా ఆయన ముందు మీ మొహం చూస్తున్నారు. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. నటించేవాళ్ళు తప్పును మనకు చూపిస్తారు. ఈయన దాస్తున్నారు."

"ఆయన పద్ధతే అంతండీ. మీరు కొత్త కాబట్టి అలా అనిపిస్తుంది" అంది ఆమె. అడగని దానికి కూడా జవాబు చెప్పింది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. "ఇంట్లో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. బాగా తింటాడు, బాగా నిద్రపోతాడు."

"నేను పొరబడితే నాకూ సంతోషమే. ఈ సినిమా గొడవ లేకుండా ఒకసారి తీసుకురండి. ఇలాంటివాటిలో కొన్ని పూర్తిగా నయమవుతాయి, కొన్నింటిని కొంతకాలం ఆపొచ్చు, కొన్నింటిని ఆపలేం. చూడందే ఏదో చెప్పలేను. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

"పై సోమవారం నిర్మాతకు కథ చెప్పాలండీ. అదొక్కటీ అయ్యాక."

"కథ ఆగుతుందమ్మా" అన్నాడు డాక్టరు. "రెండోది ఆగదు."

లిఫ్టులో దర్శకుడు డాక్టరు ఏమన్నాడని అడిగాడు. ఇంత గొప్ప నటన ఎక్కడా చూడలేదన్నాడని చెప్పింది. పాపం అనాలో పాపిష్టిదనాలో మీరే చెప్పండి. తెర మీద తన పేరు పడే చోటు ఆమె అప్పటికే మనసులో చూసుకుంది, అన్నయ్య పేరుకు కుడిపక్కన. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా లోకం కనబడుతూనే ఉంటుందని నా అనుమానం.

శనివారం మధ్యాహ్నం సన్నివేశాల వరస చివరిసారి సరిచూద్దామని ఒక్కతే వెళ్ళింది. అన్నయ్య స్నానం చేస్తున్నాడు. గోడ మీది రెండు కార్డులు అటూ ఇటూ మార్చబోతే ఒకటి జారి బోర్లా పడింది. వెనక ఏదో రాసి ఉంది. వంకరటింకర అక్షరాలు, చిన్నపిల్లలు ఒత్తి రాసినట్టు. ఆ చేతిరాతను ఆమె ఎప్పుడో గానీ చూడలేదు. చూసింది కూడా సంతకాల్లోనే.

"నాది రెండో అంతస్తు. తలుపు పక్కన నీలం చెప్పుల స్టాండు. స్టాండు లేకపోతే తాళం తియ్యకు."

ముందువైపు మూడో అంతస్తు సన్నివేశం ఉంది, తన గుండ్రటి అక్షరాల్లో. ఇంకో కార్డు తీసింది. "చొక్కా ఒక్కటే. అద్దంలో చూసుకో." ఇంకోటి. "మంగళ, శుక్ర వచ్చేది చెల్లెలు. కుర్రాడు దర్శకుడు. పేరు పిలవకు, అయ్యా అను చాలు." గోడ మీద అరవై మూడు కార్డులున్నాయి. అన్నీ తిప్పే ధైర్యం లేకపోయినా, ఒక్క కార్డు మాత్రం తిప్పకుండా ఉండలేకపోయింది. కిటికీ సన్నివేశం.

"అమ్మ లేదు. ఆరేళ్ళయింది. చెల్లెల్ని అడగకు, ఏడుస్తుంది."

వెనక నుంచి సబ్బు వాసన వచ్చింది. అన్నయ్య తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూసేశాడు.

"ఎప్పటి నుంచి అన్నయ్యా?"

"కథ మొదలెట్టక ముందు నుంచే." తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "అందుకే ఈ కథ ఎత్తుకున్నాను. ఇందులో అయితే ఏం చేసినా చెల్లుతుంది."

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళంతా భయం, అంతే.

"పొద్దున్నే లేచి గోడ చదువుకుంటానే" అన్నాడు ఆయన. "మొదట్లో వెనకవి నావి, ముందువి వాడివి అని తెలిసేది. ఇప్పుడు చదువుతుంటే ఏవి నేను చేసినవో, ఏవి వాడు చేసినవో తేలడం లేదు. నిన్న గంటసేపు కూర్చున్నాను. భయమేస్తోంది."

"ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం పద."

"సోమవారం దాకా ఆగవే. ఒక్క కథ. నీ పేరు పడాలి. ఇరవై రెండేళ్ళు నీ చేత రాయించుకుని ఒక్కసారి కూడా వేయించలేదు, నాకు తెలియదనుకున్నావా? అది మాత్రం ఎక్కడా రాసుకోలేదు, అయినా గుర్తుంది. సోమవారం అయ్యాక నువ్వెక్కడికంటే అక్కడికి వస్తాను."

వద్దనాలి. పక్కింటివాళ్ళయినా వద్దంటారు. ఆమె కార్డును ఉన్న చోటే అంటించి, "సరే" అంది. ఆ "సరే"లో అన్నయ్య మీద ప్రేమ ఎంతో, ఆ అక్షరాల మీద ఆశ ఎంతో ఆమెకే తెలియదు. ఆదివారమంతా ఆ లెక్క తేల్చుకోలేక ఇంట్లో అందరి మీదా విసుక్కుంది.

సోమవారం పదకొండింటికి నిర్మాత ఆఫీసు. పొడుగాటి బల్ల, చల్లటి గది. బల్ల వెనక గోడకు ఒకేలాంటి గోధుమరంగు తలుపులు రెండు. ఒకటి బయటికి, ఇంకొకటి పాత పోస్టర్లూ ఫిల్ము డబ్బాలూ పడేసే కొట్లోకి. నిర్మాత అరవై దగ్గరపడ్డ మనిషి. కథ వింటూ ఫోను చూసుకోవడం ఆవిడ అలవాటు. ఆవిడ ఫోను పక్కన పెట్టిందంటే సినిమా ఖాయమైనట్టేనని అంటారు.

అన్నయ్య మొదలుపెట్టాడు. ఏం చెప్పాడని! కంపెనీవాడి నవ్వు ఆయన పెదాల మీదికొచ్చింది, పరాయి జ్ఞాపకం మొదటిసారి తలలో మెదిలినప్పుడు ఆయన కనుగుడ్లు నిజంగానే ఎవరివో అయిపోయాయి. చెల్లెలు కార్డులు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కోటీ దాటుతుంటే ఒక్కో గండం గడిచినట్టు ఊపిరి వదులుతోంది. విరామం సన్నివేశం వచ్చింది, కథలోవాడు తన ఇంటి తాళం తిప్పుతుంటే కూతురు లోపల నుంచి తలుపు తీసే చోటు. ఆయన లేచి నిలబడి, గాల్లో తాళంచెవి తిప్పాడు. తలుపు తీసిన కూతురి వంక చూశాడు. గ్లాసెత్తి ఒక గుక్క నీళ్ళు తాగాడు. "అమ్మ ఈ వారం ఫోను చెయ్యలేదేం?" అన్నాడు. నిర్మాత తల ఎత్తింది.

రెండోసగం మొదలైంది. అయిదు నిమిషాలు సాఫీగా నడిచింది. అద్దెకొచ్చినవాళ్ళు వాడి చిన్నప్పటి వీధిని ఖాళీ చేయిస్తున్న చోట అన్నయ్య ఆగాడు. లేచి నిలబడి, గాల్లో తాళంచెవి తిప్పాడు. తలుపు తీసిన కూతురి వంక చూశాడు. గ్లాసెత్తి ఒక గుక్క నీళ్ళు తాగాడు.

"అమ్మ ఈ వారం ఫోను చెయ్యలేదేం?"

అదే మాట, అదే విరుపు, అంతే ఊపిరి. దర్శకుడు కుర్చీ అంచుకు జరిగాడు. నిర్మాత ఫోను బోర్లా పెట్టింది. ఆవిడ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం చెల్లెలికి కనిపించింది. వాళ్ళకు అది కథే. చెడిపోయిన యంత్రంలా వాడి తల ఒక్క సాయంత్రాన్నే తిప్పి తిప్పి చూపిస్తోందని, అది చెప్పడానికే రచయిత ఇలా చేస్తున్నాడని వాళ్ళు మైమరచి వింటున్నారు. ఆమె ఒళ్ళో ఉన్న కార్డుల్లో ఆ సన్నివేశం ఒక్కసారే ఉంది.

అన్నయ్య మళ్ళీ రెండోసగం మొదలుపెట్టాడు. మళ్ళీ ఆ వీధి దగ్గరికి వచ్చాడు. మళ్ళీ లేచాడు. మూడోసారి తాళంచెవి తిప్పుతుంటే ఆయన కళ్ళు గది చుట్టూ తిరిగి చెల్లెలి మొహం మీద ఆగాయి. ఏదో తప్పిందని ఆయనకు తెలిసింది. ఏం తప్పిందో తెలియలేదు. చిన్నప్పుడు జనంలో తప్పిపోయినప్పుడు కూడా ఆయన అలా చూసి ఉండడు.

నోరు మూసుకుని కూర్చుంటే సినిమా వస్తుంది. పేరు వస్తుంది. అన్నయ్య మాత్రం ఆ తలుపు ముందే తాళం తిప్పుతూ ఉండిపోతాడు, అందరూ చుట్టూ చేరి శభాష్ అంటూ ఉంటారు. ఒళ్ళోని కార్డులు నేలమీదికి జారిపోతున్నా చెల్లెలు లేచి నిలబడింది.

"ఆపండి మేడమ్. ఇది కథలో లేదు."

"నాకు తెలుసు. ఊరికే ఉండండి" అంది నిర్మాత, చూపు తిప్పకుండా.

"అది కాదండీ. అన్నయ్యకు ఒంట్లో బాగాలేదు. ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు, చెప్పినట్టు తెలియదు. చాలా రోజులుగా ఇలాగే ఉంది. నాకు తెలిసీ దాచాను. డాక్టరు కూడా చెప్పాడు."

దర్శకుడు మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"ముగింపు దొరికింది" అన్నాడు వణికే గొంతుతో. "గురువుగారూ, ఇది మీరిద్దరూ కలిసి నా దగ్గర కూడా దాచారు కదూ? చెల్లెలు లేచి నిజం చెప్తుంది, ఎవరూ నమ్మరు. ఇంతకంటే భయపెట్టే ముగింపు ఉంటుందా?"

"నిజం చెప్తున్నానయ్యా నేను" అంది ఆమె. ఏడుస్తోంది.

"మా చెల్లెలు చెప్పింది నిజమే మేడమ్" అన్నాడు అన్నయ్య. చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా. "నాకేమీ గుర్తుండడం లేదు."

నిర్మాత కూడా చప్పట్లు కొట్టింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. చెడ్డమనిషి కాదు. ఇరవై రెండేళ్ళు ఈ అన్నాచెల్లెళ్ళు లోకానికి నేర్పిన పాఠమే ఆవిడ అప్పజెప్పింది: ఆయన ఏం చేసినా నటనే.

అన్నయ్య అందరికీ నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగి, ఎడమపక్క తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి మూసుకున్నాడు. అది కొట్టు తలుపు. దర్శకుడూ నిర్మాతా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు, ఇది కూడా ఏదో ఉంది, వస్తాడు చూడమన్నట్టు. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. చెల్లెలు కార్డులు నేలమీదే వదిలేసి వెళ్ళి ఆ తలుపు తీసి, లోపలికి అడుగుపెట్టి మూసింది.

చీకటి, దుమ్ము. అన్నయ్య గోడకు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. అలికిడికి వెనక్కి తిరగలేదు.

"ఎవరు?"

"నేనే అన్నయ్యా."

"బయటికి దారి ఎటే? ఎటు తిరిగినా డబ్బాలే తగులుతున్నాయి." ఆయన రొప్పుతున్నాడు. "వాళ్ళంతా చూస్తున్నారా?"

"చూస్తున్నారు."

"అయితే కాసేపు ఇక్కడే ఉందాం."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చెమటతో తడిసి ఉంది. తలుపు అవతల నిర్మాత మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. "ఆయన షరతు పెట్టాడు కదా, చెల్లెలుగారి పేరు కూడా వేద్దాం. వెయ్యాల్సిందే. ఇంతకీ ఆవిడ పేరేంటి? కనుక్కో."

చెల్లెలు అన్నయ్యను తలుపు వైపు తిప్పింది.

"పద అన్నయ్యా. ఇటునుంచి ఇటే డాక్టరు దగ్గరికి."

"కథ?"

"ఇవ్వట్లేదు."

"మరి నీ పేరే?"

"పడకపోతే పోనీ."

ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి, బేరమాడుతున్నట్టు, ఆశగా అడిగాడు. "వీళ్ళు నమ్మలేదు చూశావా? అంత చెప్పినా నమ్మలేదు. డాక్టరు కూడా నమ్మడేమోనే."

"నమ్ముతాడు అన్నయ్యా."

ఆయన వేళ్ళు ఆమె వేళ్ళను నొప్పిపుట్టేలా బిగించాయి.

"నమ్ముతాడనే కదే నా భయం" అన్నాడు.